సౌర పవనం: ఎవరు ఎక్కడ నిలబడి చూశారు?

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల వైపు పోతే జాపాల, రంగాపూర్ అనే రెండు ఊళ్ల నడుమ గుట్ట మీద ఒక గుమ్మటం ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల-రంగాపూర్ వేధశాల అది. 1960ల చివర అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు నిలిపింది రాత్రి చుక్కల కోసం. ఆ గుట్ట పేరు బయటి దేశాల దాకా పాకింది మాత్రం ఒక పగటిపూట వల్ల. 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ కర్ణాటక తీరాన నేలెక్కి, రాయచూరు మీదుగా పాలమూరు, రంగారెడ్డి, నల్లగొండ జిల్లాలు దాటి ఒడిశా వైపు సాగింది. రంగాపూర్ మీద ఆ చీకటి నిలిచింది రెండు నిమిషాల పైచిలుకే. ఊళ్లలో నీళ్ల బిందెల మీద గరికపోచలు వేసి తలుపులు మూసుకున్న వేళ, గుట్ట మీది వాళ్లు కరోనాను చూశారు. (2020 తర్వాత ఈ మాటకు మనకు వేరే అర్థం స్థిరపడింది. ఇక్కడ సూర్యుడి చుట్టూ ఉండే వెలుగు కిరీటమని చదువుకోవాలి.)

అదే మధ్యాహ్నం పాలమూరు జిల్లా పాలెంలో అమెరికాకు చెందిన హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ బృందం తీసిన కరోనా ఫొటో ఇప్పటికీ సౌరభౌతిక పుస్తకాల్లో కనిపిస్తుంది. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏడు కాబట్టి కిరణాలు అన్ని దిక్కులకూ, తంగేడు పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉంటాయి. ఎంత బాగున్నా ఆ ఫొటో ఒక సంగతి చెప్పలేదు. ఆ వెలుగు పారే వాగా, నిలిచిన కుంటా? అది తెలియాలంటే దూరం నుంచి చూస్తే చాలదు, లోపలికి దిగి చెయ్యి పెట్టాలి.

సూర్యుడి నుంచి పారే ఈ కణాల గాలినే సౌర పవనం అంటారు. దాని గురించి అరవై ఏళ్లకు పైగా నడుస్తున్న వాదాలన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉంది. అది ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎవరు తోస్తున్నారు, ఎక్కడ ఆగుతుంది అనే మూడు ప్రశ్నలకూ రకరకాల జవాబులున్నాయి. విడివిడిగా చదివితే ఒకదాన్ని ఒకటి కొట్టేస్తున్నట్టు ఉంటాయి. ఏ జవాబు ఏ పరికరం నుంచి వచ్చిందో, ఆ పరికరం ఎక్కడ నిలబడి ఉందో పక్కన రాసుకుని చదివితే సగం చిక్కు విడిపోతుంది. మిగిలిన సగం మాత్రం నిజంగా తేలనిదే.

వాగా, కుంటా?

ఈ కథకు తెలుగు నేల కొత్త కాదు. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనంట్ గుంటూరులో గుడారాలు వేశారు. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో ఉంటే, ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నారు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలల వర్ణపటాన్ని చూసిన జాన్సెన్, గ్రహణం అక్కర్లేకుండానే వాటిని చూడొచ్చని మర్నాడే గుంటూరులో తేల్చాడు. సూర్యుణ్ణి గ్రహణం నుంచి విడదీసే ప్రయత్నం అక్కడ మొదలైంది.

మరుసటి ఏడు అమెరికా గ్రహణంలో కరోనా వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీత దొరికింది. భూమ్మీద ఏ మూలకానికీ సరిపోకపోవడంతో దానికి ‘కరోనియం’ అని పేరు పెట్టేశారు. ఏడు దశాబ్దాల తర్వాత గ్రోట్రియన్, ఎడ్లెన్ లెక్కలు కట్టి అది ఇనుమేనన్నారు. 26 ఎలక్ట్రాన్లలో 13 ఊడిపోయిన ఇనుము. అంతగా ఊడాలంటే పది లక్షల డిగ్రీలు దాటిన వేడి ఉండాలి. కింద సూర్యుడి ఉపరితలం ఆరువేల డిగ్రీలు కూడా లేదు. పొయ్యి కన్నా పైనున్న ఆవిరి వందల రెట్లు వేడిగా ఉండటం ఎలాగన్న ప్రశ్న అప్పటిది. నేటికీ అది పూర్తిగా మూతపడలేదు.

1951లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బియర్మన్ తోకచుక్కల తోకలు చూసి, సూర్యుడి నుంచి ఎప్పుడూ కణాలు పారుతూనే ఉన్నాయన్నాడు. ఇది వాగు పక్షం. 1957లో చాప్‌మన్ వేడి ఎలా వ్యాపిస్తుందో లెక్కగట్టి, కరోనా భూమి దాకా పరచుకుని నిశ్చలంగా ఉంటుందన్నాడు. ఇది కుంట పక్షం. ఇద్దరి లెక్కలూ సరైనవే అయితే కుంట నిలవదని 1958లో యూజీన్ పార్కర్ చూపించాడు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు అలుగు దగ్గర నిలబడి చూస్తే ఈ లెక్క సగం అర్థమవుతుంది. చెరువులో రాయి వేస్తే అల అన్ని వైపులకూ పాకుతుంది. అలుగు దాటి దూకే నీటిలో రాయి వేస్తే అల వెనక్కి రాదు. పార్కర్ లెక్కలో సూర్యుడి గాలికీ అలాంటి అలుగు ఒకటి ఉంది. దాన్ని దాటాక గాలి తన శబ్దవేగాన్ని మించి పరుగెడుతుంది.

ఆ వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరూ తోసిపుచ్చారు. అయితే లెక్కలో తప్పు మాత్రం ఎవరూ చూపలేదు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కూ ఆ సిద్ధాంతం నచ్చలేదు, అయినా అచ్చు వేశాడు. తనకు నచ్చని వ్యాసాన్ని లెక్క సరిగ్గా ఉందని వేసే సంపాదకులు ఏ కాలంలోనైనా తక్కువే. ఛాంబర్లేన్ మాత్రం అది గాలి కాదు, మెల్లగా ఆవిరయ్యే పిల్లతెమ్మెర అని పట్టుబట్టాడు. 1959లో రష్యా వారి లూనా నౌకలు కణాల జాడ పట్టాయి. 1962లో శుక్రుడి వైపు వెళ్లిన మారినర్ 2 మూడు నెలలకు పైగా కొలిచింది. గాలి ఒక్కరోజూ ఆగలేదు, వేగం సెకనుకు 400 నుంచి 700 కిలోమీటర్ల మధ్య ఊగింది. తెమ్మెర వాదం అక్కడితో సరి. మరుసటి ఏడే విక్రమ్ సారాభాయ్, ఈ వేగాలు చోటుచోటుకూ మారితే ఏమవుతుందో రాశారు. వెనక వచ్చే వడిగాలి ముందున్న మందగాలిని గుద్దుకోవాల్సిందేనన్న ఆలోచనకు దారి వేసిన తొలి వ్యాసాల్లో అది ఒకటి.

రెండు గాలులు

ఆ వడిగాలి, మందగాలి ఎక్కడివి? వడిగాలి సంగతి దాదాపు తేలిపోయింది. 1973-74లో స్కైలాబ్ తీసిన ఎక్స్‌రే చిత్రాల్లో కరోనాకు పడ్డ నల్లటి చిల్లులు కనిపించాయి. వాటి గుండా అయస్కాంత గీతలు బార్లా తెరుచుకుని ఉంటాయి, వడిగాలి అక్కడి నుంచే. 1990లో బయల్దేరిన యులిసిస్ సూర్యుడి ధ్రువాల మీదుగా వెళ్లి ఇంకో సంగతి చెప్పింది. సూర్యుడు శాంతంగా ఉన్నప్పుడు ధ్రువాల వైపు గాలి సెకనుకు 750 కిలోమీటర్ల దగ్గర నిలకడగా ఉంటుంది, గజిబిజి అంతా నడుము దగ్గరే. అంతవరకూ నడుము మట్టంలోనే నిలబడి చూసిన నౌకలకు మందగాలే సిసలు గాలి అనిపించింది. ధ్రువాల మీది నుంచి చూస్తే అదే పెడదారి అయింది.

మందగాలి దగ్గర రెండు పక్షాలున్నాయి. మొదటి పక్షం ప్రకారం దానికి వేరే పుట్టుక లేదు. అయస్కాంత గొట్టం గరాటులా ఎంత వెడల్పుగా విచ్చుకుంటే గాలి అంత నెమ్మదిస్తుంది. 1990లో వాంగ్, షీలీ చూపిన ఈ పొంతన నేటికీ అంతరిక్ష వాతావరణ అంచనాలకు ఆధారం. రెండో పక్షం ప్రకారం మందగాలి మూసిన వాకిళ్ల వెనక కాగిన సరుకు. కరోనాలో ఉచ్చుల్లా మూసుకున్న అయస్కాంత గీతలు పక్కనున్న తెరిచిన గీతలతో తెగి అతుక్కున్నప్పుడు లోపలిది బయట పడుతుంది. 2011లో ఆంటియోకస్ బృందం ఈ వాకిళ్లు ఒకటీ అరా కావనీ, సాలెగూడులా పరచుకుని ఉంటాయనీ అన్నది.

మొదటి పక్షానికి బలం వేగం లెక్కల్లో ఉంది. రెండో పక్షానికి బలం సరుకులో ఉంది. మందగాలిలో ఇనుము, మెగ్నీషియం లాంటివి ఎక్కువ పాళ్లలో ఉంటాయి, అది మూసిన ఉచ్చుల్లో కనిపించే గుణమే. హీలియం పాలు కూడా వడిగాలిలో నిలకడగా, మందగాలిలో పైకీ కిందికీ ఉంటుంది. సరుకు పుట్టుమచ్చ లాంటిది, దారిలో వేగం మారినా అది మారదు.

ఈ పుట్టుమచ్చను చదివే పని ఇప్పుడు ఇస్రో వారి నౌక ఆదిత్య-ఎల్1 కూడా చేస్తోంది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ తయారుచేసిన దాని పరికరం ఆస్పెక్స్‌లో స్విస్ అనే భాగం ఉంది. ఒక గిన్నె మీద కాస్త పెద్ద గిన్నె బోర్లించి, మధ్య సన్నటి సందు వదిలి, వాటి మధ్య ఓల్టేజీ పెట్టినట్టు ఊహించుకోండి. సందులోకి వచ్చిన కణం వంగుతుంది. మరీ జోరుగా వస్తే బయటి గోడకు, మెల్లగా వస్తే లోపలి గోడకు కొట్టుకుంటుంది, సరిగ్గా ఆ ఓల్టేజీకి తగ్గదే వంపు తిరిగి అవతలికి చేరుతుంది. సెకనుకు 400 కిలోమీటర్ల ప్రోటాన్ శక్తి 830 ఎలక్ట్రాన్ ఓల్టుల దగ్గర ఉంటుంది. అదే వేగంతో వచ్చే ఆల్ఫా కణానికి, అంటే హీలియం కేంద్రకానికి, బరువు నాలుగింతలు, ఆవేశం రెండింతలు కాబట్టి దాన్ని పట్టాలంటే ఓల్టేజీ రెండింతలు కావాలి. ఓల్టేజీని మెట్టు మెట్టుగా మారుస్తూ పోతే గ్రాఫులో రెండు మూపురాలు వస్తాయి, పెద్దది ప్రోటాన్లది, చిన్నది ఆల్ఫాలది. 2023 నవంబరు రీడింగుల నుంచి ఇస్రో విడుదల చేసిన తొలి గ్రాఫులో ఉన్నవి ఈ రెండే. కళ్లంలో గాలి గింజనూ పొట్టునూ వేరు చేస్తుంది. ఇక్కడ గాలినే తూర్పారబడుతున్నారు.

కొన్నేళ్లుగా ఈ వాదం మీద మరో దెబ్బ పడింది. వేగం తక్కువే గానీ సరుకులోనూ అలల్లోనూ వడిగాలిని పోలిన ‘మందగాలి’ తరచూ కనిపిస్తోంది. అంటే వేగాన్ని బట్టి రెండు రకాలని గీత గీయడమే తప్పు. నా అంచనాలో ఇక్కడ రెండో పక్షానిదే మొగ్గు, ఎందుకంటే సరుకు లెక్కకు మొదటి పక్షం దగ్గర సూటి జవాబు లేదు. అయితే ఎంత గాలి ఏ వాకిట్లోంచి వస్తోందన్న తూకం ఎవరూ వేయలేకపోయారు.

తోసేది అలలా, ముడులా?

కరోనాను కాచి గాలిని తోసేది ఏమిటన్న వాదంలోనూ రెండు వర్గాలే. అయస్కాంత గీతలు వీణ తీగల్లా కంపించి ఆ అలలు శక్తిని పైకి మోస్తాయని ఒక వర్గం. ఆ గీతలు పెనవేసుకుని, తెగి, మళ్లీ ముడిపడుతూ ఎక్కడికక్కడ చిన్న చిన్న పేలుళ్లు పుట్టిస్తాయని మరొకటి. రెండోదానికి 1988లో ‘నానోఫ్లేర్లు’ అని పేరు పెట్టింది మళ్లీ పార్కరే.

1980 గ్రహణంలో అమెరికాకు చెందిన పసాకాఫ్ బృందం మన దేశానికి వచ్చి వెతికింది అలల కోసమే. వేగమైన అలలే కరోనాను కాస్తుంటే ఆ పాత ఆకుపచ్చ గీత వెలుగు సెకనుకు ఒకటీ రెండు సార్లు మిణుకుమనాలి. సూచనలు దొరికాయి గానీ వాదం తేలేంత బలంగా కాదు. రెండు నిమిషాల చీకట్లో అంతకన్నా ఆశించలేం. చిత్రమేమిటంటే, ఆ గ్రహణానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 14న, నాసా సోలార్ మాగ్జిమమ్ మిషన్‌ను పంపింది. అందులోని కరోనాగ్రాఫ్ గ్రహణం కోసం ఎదురుచూడక్కర్లేదు. సెప్టెంబరులో అది పాడైతే 1984లో వ్యోమగాములు వెళ్లి బాగుచేశారు.

2018లో బయల్దేరిన పార్కర్ సోలార్ ప్రోబ్ వాదాన్ని చూసేవాళ్ల చేతుల్లోంచి తాకేవాళ్ల చేతుల్లోకి మార్చింది. 2021 ఏప్రిల్ 28న సూర్యుడి ఉపరితలానికి 1.3 కోట్ల కిలోమీటర్ల ఎత్తున, గాలి ఇంకా కరోనాకు కట్టుబడి ఉన్న ప్రాంతంలోకి వెళ్లింది. పార్కర్ చెప్పిన అలుగుకు పైన మరో అలుగు ఉంది. దాన్ని దాటాక అయస్కాంత అలలు కూడా సూర్యుడి వైపు తిరిగి రాలేవు. నౌక ఆ రెండో అలుగుకు ఇవతలికి దిగిందన్నమాట. 2024 డిసెంబరు 24న 61 లక్షల కిలోమీటర్ల దాకా చేరింది. దారి పొడవునా దానికి ఎదురైంది వెనక్కి మడత పడిన అయస్కాంత క్షేత్రం. ఆ మడతలు కిందనే, ముడులు తెగినప్పుడు పుడతాయని కొందరు, అలలు దారిలో ఎదిగి మడత పడతాయని కొందరు.

2023లో ప్రదీప్ చిట్టా బృందం ఐరోపా వారి సోలార్ ఆర్బిటర్ నౌక చిత్రాల్లో ధ్రువ ప్రాంతపు చిల్లులో కొన్ని వందల కిలోమీటర్ల పొడవున్న బుల్లి చిమ్ములు పట్టుకుంది. ఒక్కొక్కటి నిమిషం అటూ ఇటూ ఉండి ఆరిపోతుంది, వేగం సెకనుకు వంద కిలోమీటర్లు. ముడుల వర్గానికి పండగ. మరుసటి ఏడు యీమీ రివేరా బృందం, 2022 ఫిబ్రవరిలో పార్కర్ ప్రోబ్, సోలార్ ఆర్బిటర్ ఒకే గాలి పాయను రెండు చోట్ల కొలిచిన అరుదైన సందర్భాన్ని విప్పి చూసింది. దారిలో అలలు పోగొట్టుకున్న శక్తీ గాలి పుంజుకున్న వేడీ వేగమూ సరిపోయాయని తేల్చింది. అలల వర్గానికి పండగ. నిజానికి వీళ్లిద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చిట్టా బృందం చూసింది ఊట దగ్గర, రివేరా బృందం కొలిచింది కాలవలో. ముడులు తెగడం వల్ల పుట్టిన అలలే పైకి పోయి గాలిని తోస్తే ఇద్దరూ గెలిచినట్టే. తేలనిది ఆ రెంటి నడుమ ఉన్న మేర, సూర్యుడి కేంద్రం నుంచి దాదాపు పది వ్యాసార్ధాల లోపు. అక్కడికి కళ్లు పోతాయి గానీ చేతులు పోలేదు.

ఆదిత్య నిలబడిన చోటు

కళ్లూ చేతులూ ఒకే నౌకలో పెట్టుకుని 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద లేచింది ఆదిత్య-ఎల్1. మొదట అనుకున్నది భూమి చుట్టూ 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే, ఒకే కరోనాగ్రాఫ్ ఉన్న 400 కిలోల చిన్న ఉపగ్రహం. చివరికి అది ఏడు పరికరాలతో 1,480 కిలోలకు పెరిగి, 2024 జనవరి 6న భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఎల్1 బిందువు చుట్టూ తిరిగే కక్ష్యలో స్థిరపడింది. కరోనాను చూసేది భారత ఖగోళభౌతిక సంస్థ వారి వెల్క్. గాలిని తాకేవి ఆస్పెక్స్, తిరువనంతపురం వారి పాపా, ఆరు మీటర్ల కడ్డీకి అమర్చిన అయస్కాంతమాపకం. వెల్క్ చదివే మూడు గీతల్లో ఒకటి 1869 నాటి ఆ ఆకుపచ్చ గీతే.

చూపూ స్పర్శా ఒకచోట ఉన్నాయి కదా, ఇక చిక్కేముందని అనిపిస్తుంది. ఉంది. సూర్యబింబాన్ని అడ్డుపెట్టి చూసే వెల్క్‌కు బాగా కనిపించేది అంచున ఉన్న కరోనా. అంచు నుంచి లేచిన గాలి పక్కకు పోతుంది, ఆదిత్య వైపు రాదు. ఆదిత్యను తాకేది బింబం నడుమ నుంచి వచ్చిన గాలి. సూర్యుడు తిరుగుతాడు కాబట్టి తూర్పు అంచున కనిపించిన ప్రాంతం వారానికి నడిమికి వస్తుంది, అక్కడి గాలి మరో రెండు నుంచి నాలుగు రోజులకు ఎల్1 చేరుతుంది. ఆ పది రోజుల్లో కరోనా మారకుండా ఉంటే చూసిందీ తాకిందీ ఒకటే. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో అంత నమ్మకం పెట్టుకోలేం.

2024 మే 10-11 తుపాను ఇంకో పాఠం. రెండు దశాబ్దాల్లో అంత బలమైన భూఅయస్కాంత తుపాను రాలేదు, లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఆస్పెక్స్, పాపా ఆ వడిగాలిని పట్టుకున్నాయి. వెల్క్ అప్పుడు సర్దుబాట్లలో, అతినీలలోహిత టెలిస్కోపు సూట్ వేడి చేసే ప్రక్రియలో ఉండి ఆ రెండు రోజులూ సూర్యుణ్ణి చూడలేకపోయాయి. నేల మీద ఉప్పల్‌లో 1964 నుంచి, ఇబ్రహీంపట్నానికి అట్టే దూరం లేని చౌటుప్పల్‌లో ఇటీవల నుంచి, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ అయస్కాంతమాపకాలు నడుస్తున్నాయి. హైదరాబాద్ దగ్గర భూక్షేత్రపు అడ్డభాగం సుమారు 40 వేల నానోటెస్లాలు. ఆ తుపానులో భూమధ్యరేఖ ప్రాంతపు సూచిక 400 నానోటెస్లాల దాకా పడింది. శాతంలో చూస్తే ఒకటే, అయినా ఉపగ్రహాలకూ విద్యుత్ తీగలకూ అది తక్కువేం కాదు.

ఎల్1 నుంచి వచ్చే ముందస్తు హెచ్చరిక విలువ ఎంత? గాలి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తే గంట, 700 వేగంతో వస్తే 35 నిమిషాలు. తుపాను వస్తుందా రాదా తేల్చేది గాలిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా అన్నది. అది తాకితే తప్ప తెలియదు. ఈ విషయంలో చూపు నుంచి స్పర్శను ముందే ఊహించే పద్ధతి ఏ వర్గం దగ్గరా లేదు.

కళ్ల వైపు మాత్రం ఆట మారుతోంది. 2024 డిసెంబరు 5న శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ-సీ59 ఐరోపా వారి ప్రోబా-3ని మోసుకెళ్లింది. రెండు నౌకలు, మధ్య 150 మీటర్ల ఎడం, ముందున్న నౌకకు 1.4 మీటర్ల పళ్లెం. వెనకదాని మీద ఆ పళ్లెం నీడ పడితే మనుషులు చేసిన గ్రహణం, ఒక్కో చుట్టులో ఆరు గంటల దాకా.

గట్టు ఎక్కడ?

సౌర పవనం నక్షత్రాల నడుమనున్న వాయువును నెట్టుకుంటూ పోయి, బలం సరిసమానమైన చోట ఆగుతుంది. ఆ గట్టు లోపలిదంతా హీలియోస్ఫియర్. నాసా నౌక వాయేజర్ 1 భూమి-సూర్యుల ఎడానికి సుమారు 122 రెట్ల దూరాన, 2012 ఆగస్టు 25న గట్టు దాటింది. కానీ దాటిందా లేదా అని ఏడాది పాటు పెద్ద పేచీ. సూర్యుడి కణాలు తగ్గాయి, బయటి విశ్వకిరణాలు పెరిగాయి, అయస్కాంత క్షేత్రం దిశ మాత్రం మారలేదు. సూటిగా తేల్చాల్సిన ప్లాస్మా పరికరం 1980లోనే మూలపడింది. చివరికి సూర్యుడి మీది ఒక పాత పేలుడు తరంగం 2013లో అంత దూరం చేరి అక్కడి ప్లాస్మాను మోగించింది. ఆ మోత నుంచి సాంద్రత కట్టి బయట పడిందని ప్రకటించారు. గ్లోక్లర్, ఫిస్క్ తర్వాత కూడా ఒప్పుకోలేదు. 2018 నవంబరు 5న, ప్లాస్మా పరికరం పనిచేస్తున్న వాయేజర్ 2 దాటాకే పేచీ సద్దుమణిగింది.

గట్టు ఆకారం మీద మూడు మాటలున్నాయి. తోకచుక్కలా వెనక పొడుగాటి తోక ఉంటుందన్నది పాత మాట. శని దగ్గర తిరిగిన కాసినీ నౌక కొలతల ఆధారంగా 2017లో వచ్చింది గుండ్రటి బుడగ మాట. మెరావ్ ఓఫర్ బృందం 2015 నుంచి చెబుతున్నది రెండు కొమ్ములు వెనక్కి వంగిన రూపం, మన వంటింటి భాషలో కజ్జికాయ. మూడు వాదాలకూ చేతికందిన నేరు కొలతలు రెండే, రెండు వాయేజర్లూ ముందువైపే దాటాయి. తోక వైపు ఎవరూ పోలేదు. 2008లో వెళ్లిన నాసా నౌక ఐబెక్స్ గట్టు నుంచి తిరిగొచ్చే తటస్థ కణాలతో పటం గీస్తే, ఏ నమూనా ముందుగా చెప్పని ఒక మెరిసే పట్టీ కనిపించింది. దాని మీద వివరణలు చాలా వచ్చాయి, ఏకాభిప్రాయం పూర్తిగా రాలేదు. 2025 సెప్టెంబరు 24న బయల్దేరిన నాసా నౌక ఐమ్యాప్ అదే పటాన్ని మరింత పదునుగా గీయడానికి ఎల్1 దారి పట్టింది, ఆదిత్య ఉన్న చోటికే. గట్టు విషయంలో దానివీ దూరపు కళ్లే.

బయట చేతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. వాయేజర్ 2 ప్లాస్మా పరికరాన్ని విద్యుత్తు పొదుపు కోసం 2024 సెప్టెంబరులో ఆపేశారు. ఇప్పుడు ఆ దారిన పోతూ సౌర పవనాన్ని తాకగల పరికరం మిగిలింది నాసా నౌక న్యూ హొరైజన్స్‌లో మాత్రమే. అది భూమి-సూర్యుల ఎడానికి అరవై రెట్లు దాటింది. గట్టుకు ఇంకా సగం దూరం ఉంది.